మేక గిట్ట: పెరుగుదల, అరుగుదల

మన చేతి గోళ్ళు పెరుగుతూ ఉంటాయి. కొద్ది రోజులకోసారి వాటిని కత్తిరించుకుంటాం. మేక గిట్ట కూడా మన గోరులాంటిదే. అది కూడా మేక బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటుంది. అయితే కొండల్లో తిరిగే అడవి మేకల గిట్టలను ఎవరు కత్తిరిస్తున్నారు? మంద వెంట రోజంతా నడిచే పల్లె మేకల గిట్టలు చాలావరకు వాటంతట అవే సరిగ్గా ఎలా ఉంటున్నాయి? ఇంటి ముందు గుంజకు కట్టి, మేత తెచ్చి పెట్టి, ముద్దుగా పెంచుకునే మేకకు మాత్రం గిట్టలు ఎందుకు పొడుగ్గా సాగి వంకర తిరుగుతున్నాయి?

ఈ పాఠంలో ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలుసుకుందాం. మేక గిట్ట ఎంత పెరుగుతోందో, ఎంత అరుగుతోందో ఇంటి దగ్గరే కొలిచే సులువైన పద్ధతిని కూడా నేర్చుకుందాం. ఇందుకు ఉదాహరణగా గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని తీసుకుందాం.

సూరత్‌నే ఎందుకు తీసుకున్నాం?

దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఆ నగరం పేరుతోనే ఒక మేక జాతి ఉంది. దాన్ని సూర్తి మేక అంటారు. ఎక్కువగా తెల్లని వెంట్రుకలతో, మధ్యరకం శరీరంతో ఉండే ఈ మేక పాడికి పేరు పొందింది. సూరత్, భరూచ్, వడోదర ప్రాంతాల్లో ఇది కనబడుతుంది. ఇది ఎక్కువ దూరం నడవలేదు. అందుకే దీన్ని మందలో తిప్పడం కన్నా ఇంటి దగ్గర కట్టి మేపడానికి అనువైన జాతిగా చెబుతారు. చిన్న ఇంట్లో, ఇరుకు వీధిలో ఒకటి రెండు మేకలను పెంచుకోవాలనుకునే కుటుంబానికి ఇది మంచి గుణమే. కాని అదే గుణం గిట్టల విషయంలో చిక్కు తెస్తుంది. నడవని మేక గిట్ట అరగదు.

రెండవ కారణం నేల. సూరత్ నగరం తాపీ నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరలో ఉంది. నది వేల సంవత్సరాలుగా తెచ్చి పోసిన మెత్తని ఒండ్రు మీద ఆ నగరం వెలసింది. అక్కడి సహజమైన నేలలో రాయి తక్కువ. వానాకాలంలో ఆ నేల బురదవుతుంది.

ఈ నేలను తెలంగాణ నేలతో పోల్చి చూడండి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి ఎన్నో నేత కుటుంబాలు మరమగ్గాల పని కోసం సూరత్ వెళ్ళి స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడిపిందంటే అక్కడ మనవాళ్ళ సంఖ్య ఎంతో ఊహించవచ్చు. ఆ కుటుంబాలు వదిలి వచ్చిన పల్లెల్లో గుట్టలు, బండరాళ్ళు, గరుకైన మొరం నేలలు ఉంటాయి. అక్కడ మేక ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేలోగా గిట్టను రాయే అరగదీస్తుంది. కనుక గిట్టలు కొయ్యడమనే పని అక్కడ చాలామందికి అవసరంగా తోచదు. ఆ అలవాటుతోనే నగరంలో మేకను పెంచితే గిట్టల సంగతి మరుగున పడిపోతుంది. మేక మారలేదు, దాని కాళ్ళ కింద నేల మారింది. హైదరాబాద్ లోనో, విజయవాడ లోనో గచ్చు మీద, గడ్డి మీద మేకను కట్టి పెంచుతున్నా ఇదే పరిస్థితి.

గిట్టలో ఏముంది?

మేక ఒక్కొక్క కాలికి రెండు గిట్టలుంటాయి. ఇవి మన మూడవ, నాలుగవ వేళ్ళకు సమానమైనవి. అంటే మేక వేళ్ళ కొసల మీద నడుస్తుందన్నమాట. కొంచెం పైన వెనుక వైపు కనబడే రెండు చిన్న గిట్టలు నేలకు ఆనవు.

గిట్టను చేతిలోకి తీసుకుని పరిశీలించండి. బయట గట్టిగా ఉండేది గోడ. ఇది కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. మన గోళ్ళు, వెంట్రుకలు, మేక కొమ్ముల పై తొడుగు కూడా కెరాటినే. గోడలో నాడులు గాని, రక్తనాళాలు గాని లేవు. కనుక దాన్ని కోస్తే నొప్పి ఉండదు. వెంట్రుకలు ఆగిపోయి గిట్ట మొదలయ్యే చోట ఒక పట్టీలాంటి భాగం ఉంటుంది. గోడ అక్కడే పుట్టి నెమ్మదిగా కిందికి దిగుతుంది.

గిట్టను తిప్పి చూస్తే మధ్యలో కొంచెం మెత్తగా ఉండేది అరికాలు. వెనుక భాగంలో రబ్బరులా ఉండేది మడమ. గోడ గట్టిది, అరికాలు మెత్తనిది. గట్టి అంచు రాతి చీలికను పట్టుకుంటుంది. మెత్తని భాగం రాతికి అతుక్కుని జారకుండా ఆపుతుంది. గోడకు లోపల ఎముక, దాని చుట్టూ రక్తనాళాలు, నాడులతో నిండిన సున్నితమైన కణజాలం ఉంటాయి. కోసేటప్పుడు మనం జాగ్రత్తపడవలసింది ఈ కణజాలం విషయంలోనే.

ఇలాంటి నిర్మాణం ఎందుకు ఏర్పడింది? మనం పెంచే మేకలన్నీ పశ్చిమాసియా కొండల్లో తిరిగే బెజోర్ అనే అడవి మేక సంతతివి. సుమారు 10,000 సంవత్సరాల క్రితం, నేటి ఇరాన్ లోని జాగ్రోస్ పర్వత ప్రాంతంలోనూ దాని పరిసరాల్లోనూ మనిషి వీటిని మచ్చిక చేసుకున్నాడు. రాళ్ళ మీద ఎక్కుతూ దిగుతూ బతికే జంతువుకు గిట్ట రోజూ అరుగుతుంది. అరిగినంతా మళ్ళీ పెరగకపోతే అది బతకలేదు. మనం మేకను కొండ మీది నుంచి పెరట్లోకి తెచ్చాం గాని గిట్ట పెరగడం ఆగలేదు.

అరుగుదల వెనుక భౌతికశాస్త్రం

రెండు వస్తువులు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు ఎంత పదార్థం అరుగుతుంది? దీన్ని లెక్కగట్టడానికి ఇంజినీర్లు వాడే ఒక సూత్రాన్ని 1953లో ఆర్చర్డ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ప్రచురించాడు. యంత్రభాగాల కోసం వాడే ఆ సూత్రాన్ని మాటల్లో చెప్పాలంటే: బరువు పెరిగితే అరుగుదల పెరుగుతుంది. రాసుకునే దూరం పెరిగితే అరుగుదల పెరుగుతుంది. అరిగే వస్తువు గట్టిదైతే అరుగుదల తగ్గుతుంది. దీనికి తోడు ఎదుటి తలం ఎంత గరుకుగా ఉందన్నది కూడా ముఖ్యమే.

ఈ సూత్రాన్ని మన మేకకు అన్వయించి చూద్దాం. 30 కిలోల మేక అనుకోండి. నిలబడినప్పుడు బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీద పడుతుంది. అంటే 18 కిలోలు. ఒక్కో ముందు కాలికి 9 కిలోలు, ఒక్కో గిట్టకు సుమారు నాలుగున్నర కిలోలు. ఈ బరువు మన చేతిలో ఉన్నది కాదు. గిట్ట ఎంత గట్టిదన్నది కూడా చాలావరకు మన చేతిలో లేదు. ఇక మిగిలినవి రెండు: నడిచే దూరం, నేల గరుకుదనం. ఈ రెండూ మన చేతిలోనే ఉన్నాయి. కట్టేసిన మేకకు దూరం దాదాపు సున్నా. నున్నని పలకరాళ్ళ మీద, మెత్తని మట్టి మీద గరుకుదనం దాదాపు సున్నా. రెండూ సున్నా అయినప్పుడు అరుగుదల ఎక్కడి నుంచి వస్తుంది?

లెక్క తప్పితే ఏమవుతుంది?

మొదట గోడ అంచు అరికాలి కన్నా కిందికి పెరుగుతుంది. తర్వాత అది లోపలికి ముడుచుకుని అరికాలిని కప్పేస్తుంది. ఆ ముడత కింద పేడ, బురద, తడి చేరి గట్టిపడతాయి. అక్కడ గాలి ఆడదు. గాలి లేనిచోటే పెరిగే సూక్ష్మజీవులకు అది తగిన చోటు. ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరమ్, డైకెలోబాక్టర్ నోడోసస్ అనే రెండు రకాల బాక్టీరియాలు ఇలాంటి చోట చేరి గిట్టను కుళ్ళబెడతాయి. గిట్టల మధ్య చర్మం ఎర్రబారుతుంది, దుర్వాసన వస్తుంది, మేక కుంటుతుంది.

ఇంకొక నష్టం పైకి కనబడదు. గిట్ట ముందు కొస పొడుగ్గా సాగినప్పుడు మేక బరువు వెనక్కి, మడమ మీదికి జరుగుతుంది. కాలి కీళ్ళు, నరాలవలె కనబడే స్నాయువులు రోజూ తప్పు దిశలో లాగబడుతుంటాయి. కొన్ని వారాల్లో గుర్తించి సరిచేస్తే కాలు మామూలు స్థితికి వస్తుంది. నెలలు, సంవత్సరాలు గడిస్తే కీళ్ళే ఆ వంకరకు అలవాటుపడిపోతాయి. అప్పుడు గిట్ట కోసినా కాలు పూర్తిగా సరికాకపోవచ్చు. కనుక ఈ విషయంలో కాలమే ముఖ్యం.

కుంటే మేక మేతకు లేవదు. సరిగా తినని మేక పాలు తగ్గిస్తుంది. మగ్గం కూలి మీద బతికే ఇంట్లో పిల్లలకు పాలిచ్చే మేక మూలపడిందంటే అది చిన్న నష్టం కాదు. పాల కోసం కాక ముద్దు కోసం పెంచేవారికైనా నోరులేని జీవం నొప్పితో నిలబడి ఉండటం చూడలేనిదే.

సహజంగా అరిగే ఏర్పాటు

మేకను కొండకు తీసుకుపోలేం. కొండలో కొంత భాగాన్ని మేక దగ్గరకు తేవచ్చు.

మేకకు ఎత్తైన చోటు ఎక్కడమంటే ఇష్టం. ఈ స్వభావాన్ని వాడుకోండి. పాక పక్కన గరుకైన పెద్ద రాళ్ళను కదలకుండా పేర్చి చిన్న దిబ్బ కట్టండి. రాళ్ళు దొరకని చోట పాత ఇటుకలతో రెండు మూడు మెట్ల అరుగు కట్టి, పైన సిమెంటును నున్నగా తాపీ చేయకుండా చీపురుతో గీతలు గీసి వదిలేయండి. మేక రోజుకు పదిసార్లు ఎక్కి దిగితే ఎనిమిది గిట్టలూ నేలకు రాసుకుంటాయి.

మేత ఒక చివర, నీళ్ళు మరో చివర పెట్టండి. మధ్య దారిలో గరుకు పలకలు పరవండి. మేత తొట్టి ముందు మేక ఎక్కువ సేపు నిలబడుతుంది, అటూ ఇటూ కదులుతుంది. అక్కడ కూడా ఒక గరుకు పలక వేయండి. రోజూ కొంతసేపు తాడు పట్టుకుని గట్టి రోడ్డు మీద నడిపించండి. సూర్తి మేక ఎక్కువ దూరం నడవలేదని చెప్పుకున్నాం గనుక ఎండ లేని వేళలో కొద్ది దూరంతో మొదలుపెట్టండి.

గరుకుదనం మరీ ఎక్కువైనా ప్రమాదమే. పదునైన కంకర, పగిలిన పెంకులు అరికాలిని గాయపరుస్తాయి. కొత్తగా పోసిన కాంక్రీటు కొన్ని వారాల పాటు ఎక్కువ గరుకుగా, క్షారగుణంతో ఉంటుంది. దాన్ని బాగా కడిగి, ఆరనిచ్చిన తర్వాతే మేకను వదలాలి. పడుకునే చోటు మాత్రం ఎప్పుడూ పొడిగా, మెత్తగా ఉండాలి.

ఈ ఏర్పాట్లతో కత్తిరించే పని తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. గిట్ట అన్నివైపులా సమానంగా అరగదు కదా. అందుకే నెలకొకసారి గిట్టలను చూడటం, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి అవసరమైనంత మేరకు కత్తిరించడం మంచిది.

మీరే కొలిచి చూడండి

మీ మేక గిట్ట లెక్క ఏమిటో ఎలా తెలుస్తుంది? దీనికి ఒక చిన్న స్కేలు, గోళ్ళకు వేసే రంగు ఉంటే చాలు.

ఒక ముందు గిట్టను శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. వెంట్రుకలు ఆగిన గీత నుంచి సరిగ్గా 10 మిల్లీమీటర్ల కింద, గోడ మీద రంగుతో ఒక సన్నని గీత గీయండి. అదే గీత నుంచి గిట్ట ముందు కొస వరకు ఉన్న మొత్తం పొడవును కూడా కొలిచి రాసుకోండి. రంగు మాసిపోతున్నప్పుడు అదే చోట మళ్ళీ వేయండి. ఈ నెల రోజులూ ఆ గిట్టను కత్తిరించకండి.

నెల తర్వాత మళ్ళీ కొలవండి. రంగు గీత 10 నుంచి 14 మిల్లీమీటర్లకు దిగిందనుకుందాం. అంటే గిట్ట 4 మిల్లీమీటర్లు పెరిగింది. మొత్తం పొడవు 38 నుంచి 41కి చేరిందనుకుందాం. అంటే పొడవు 3 మిల్లీమీటర్లే పెరిగింది. మిగిలిన 1 మిల్లీమీటరు అరిగిపోయిందన్నమాట. ఇలాగే వదిలేస్తే ఆరు నెలలకు 18 మిల్లీమీటర్ల అదనపు గిట్ట చేరుతుంది.

ఇప్పుడు రాతి దిబ్బ ఏర్పాటు చేసి మరో నెల కొలవండి. అరుగుదల 1 నుంచి 2కో 3కో పెరిగితే మీ ఏర్పాటు పనిచేస్తున్నట్లే. పెరుగుదలకు అరుగుదల దగ్గరగా రావాలి, కాని దాన్ని మించకూడదు. మించితే అరికాలు పలచబడి మేక అడుగు వెయ్యడానికి వెనుకాడుతుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ కొలతల పని వారికి అప్పగించండి. విజ్ఞానశాస్త్రం పుస్తకంలోనే కాదు, పెరట్లోనూ ఉందని వారికి తెలుస్తుంది.

కత్తిరించే పద్ధతి

కొమ్మలు కత్తిరించే పదునైన చిన్న కత్తెర, ఒక ఆకురాయి, గట్టి బ్రష్షు, శుభ్రమైన గుడ్డ సిద్ధం చేసుకోండి. ఎండాకాలంలో గిట్ట రాయిలా గట్టిగా ఉంటుంది. కాసేపు నీళ్ళలో నానబెడితే కెరాటిన్ తడి పీల్చుకుని మెత్తబడుతుంది, సులువుగా తెగుతుంది.

ఒకరు మేకను గోడకు ఆనించి పట్టుకోవాలి, కొంచెం మేత పెట్టాలి. రెండవవారు కాలిని సహజంగా వంగే దిశలోనే మడవాలి. పక్కకు లాగకూడదు. ముందు ముడతల్లోని మురికిని బ్రష్షుతో తీసేయండి. లోపలికి ముడిచిన గోడను అరికాలి మట్టానికి కత్తిరించండి. తర్వాత ముందు కొసను కొద్ది కొద్దిగా తగ్గించండి. పైన వెంట్రుకల గీతకు, గిట్ట అడుగుకు మధ్య దూరం ముందు నుంచి వెనుక వరకు దాదాపు ఒకేలా ఉంటే ఆకారం సరిగ్గా వచ్చినట్లు. ఆరోగ్యంగా ఉన్న మేకపిల్ల గిట్టను చూస్తే ఈ ఆకారం మీకు తెలుస్తుంది.

పలుచని పొరలుగా కొయ్యండి. అరికాలు లేత గులాబీ రంగులోకి మారగానే ఆగిపోండి. అంతకన్నా లోతుకు పోతే రక్తం వస్తుంది. వస్తే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి. రక్తం ఆగిన తర్వాత క్రిమినాశక మందు రాసి పొడి చోట ఉంచండి. మేకలకు ధనుర్వాతం వచ్చే అవకాశం ఉంది గనుక గాయమైతే పశువైద్యుని అడగండి. బాగా పెరిగిపోయిన గిట్టను ఒక్కరోజులో సరిచేయాలని చూడకండి. రెండు మూడు వారాల ఎడంతో కొంచెం కొంచెంగా తగ్గించండి. నిండు చూలుతో ఉన్న మేకను ఈ పనికి పడదోసి కంగారు పెట్టకండి. మేకపిల్లల కాళ్ళను చిన్నప్పటి నుంచే రోజూ చేత్తో పట్టుకుంటూ ఉంటే పెద్దయ్యాక బెదరవు.

వానాకాలంలో

సూరత్‌లో సంవత్సరానికి కురిసే సుమారు 1,200 మిల్లీమీటర్ల వానలో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో చాలా భాగం మునిగింది. అంత పెద్ద వరద రాకపోయినా, వారాల తరబడి తడి నేల మీద నిలబడితే చాలు. తడికి గిట్ట మెత్తబడుతుంది, వేళ్ళ మధ్య చర్మం చీలుతుంది, బాక్టీరియా లోపలికి పోతుంది.

అందుకే వానలు మొదలు కాకముందే గిట్టలు కత్తిరించండి. నేల మీది నుంచి ఒకటి రెండు అడుగుల ఎత్తులో చెక్క బల్లలతో మంచె వేస్తే పడుకునే చోటు పొడిగా ఉంటుంది. గిట్టల మధ్య వాపు, వాసన కనబడితే 10 లీటర్ల నీటిలో ఒక కిలో జింకు సల్ఫేటు కలిపి వెడల్పాటి తొట్టిలో పోసి, పశువైద్యుడు చెప్పినంతసేపు మేకను అందులో నిలబెట్టాలి. మైలుతుత్తం ద్రావణాన్ని కూడా వాడతారు గాని అది విషం. మేక తాగకుండా చూడాలి, వాడిన నీటిని కాలువల్లో, మొక్కల్లో పోయకూడదు. కుంటే మేకను మిగిలినవాటి నుంచి వేరుగా ఉంచండి.

మేతకూ గిట్టకూ సంబంధం

పెళ్ళిళ్ళలో, పండుగల్లో మిగిలిన అన్నం, రొట్టెలు ప్రేమతో మేకకు పెడుతుంటారు. ఇవి మేక కడుపులో త్వరగా పులిసి ఆమ్లం పెరిగేలా చేస్తాయి. ఆ ప్రభావం రక్తం ద్వారా గిట్ట లోపలి కణజాలాన్ని చేరి వాపు తెస్తుంది. గిట్టలు వేడెక్కుతాయి, మేక మోకాళ్ళ మీద పాకుతూ మేస్తుంది. ఇది ప్రాణానికే ముప్పు కావచ్చు. రాతి దిబ్బ దీనికి మందు కాదు. ఆకులు, గడ్డి ప్రధాన మేతగా ఉండాలి, ధాన్యం కొలిచి పెట్టాలి. గట్టి గిట్ట తయారు కావడానికి జింకు వంటి ఖనిజాలు అవసరం. ఇందుకు మేకల కోసం తయారుచేసిన ఖనిజ మిశ్రమం వాడవచ్చు.

ఎప్పుడు వైద్యుని పిలవాలి?

కుంటుతున్న మేకలన్నీ గిట్టలు పెరిగిన మేకలు కావు. జ్వరం, నోట్లో పుండ్లు, ఒకేసారి రెండు మూడు మేకలు కుంటడం కనబడితే అది గాలికుంటు వ్యాధి కావచ్చు. అప్పుడు కత్తెర ముట్టకండి, మేకలను బయటికి తోలకండి, వెంటనే పశువైద్యునికి చెప్పండి. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు టీకాలు వేసే పశువుల్లో మేకలను కూడా చేర్చారు. గుజరాత్‌లోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య సేవకు 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

గిట్ట పెరుగుతూనే ఉంటుంది. నడక, గరుకు నేల దాన్ని అరగదీస్తాయి. మేకను కట్టి పెంచినప్పుడు ఈ రెండింటినీ మనమే దానికి దూరం చేశాం గనుక వాటిని తిరిగి సమకూర్చే బాధ్యత కూడా మనదే. రాళ్ళతో, నడకతో కొంత సమకూరుస్తాం. తక్కువైన దాన్ని కత్తెరతో పూర్తిచేస్తాం. ఎంత తక్కువైందో నెలకొకసారి స్కేలుతో తెలుసుకుంటాం.

ఆలోచించండి

1. ఒకే ఇంట్లో పెరిగే రెండు మేకల్లో ఒకటి 20 కిలోలు, మరొకటి 40 కిలోల బరువుంది. రెండూ ఒకే దూరం నడిస్తే ఏ మేక గిట్టలు ఎక్కువ అరుగుతాయి? ఎందుకు?

2. తడిసిన గిట్ట మెత్తబడుతుంది. అయితే వానాకాలంలో గిట్ట త్వరగా అరగాలి కదా? బురద నేల మీద అలా ఎందుకు జరగదు?

3. మీ వీధిలో కట్టి పెంచే మేకల కాళ్ళ కింద ఎలాంటి నేల ఉంది? మేకను, నేలను, గిట్టల ఆకారాన్ని గమనించి ఒక పట్టిక తయారు చేయండి.